తగరపు సిపాయిలు, శాసనములు

బొమ్మలకొలువులో ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టవలెనో మన ఇండ్లలో నిర్ణయించేది ఇల్లాలు. ఆమె మాటకు పైన అప్పీలు లేదు. అట్టి నిర్ణయము న్యాయస్థానముల మెట్లెక్కిన దేశమొకటి ఉన్నది. అది జర్మనీ. అచ్చట తగవు తెచ్చిన బొమ్మలు వ్రేలెడు పొడవు సిపాయిలు, వారిని నడిపిన నాయకులు, వారెక్కిన విమానములు. చూచుటకు ఇవి ఆటవస్తువులే. కాని వాటి మీద ఏ గుర్తు ఉండవచ్చును, ఏది ఉండరాదు అను ప్రశ్న వెనుక కోట్ల ప్రాణముల కథ ఉన్నది.

ఈ బొమ్మలకు పుట్టినిల్లు నూరెంబర్గు నగరము. 18వ శతాబ్దిలో హిల్పెర్ట్ అను తగరపు పనివాడు పలకరాతిలో బొమ్మను చెక్కి, అందులో కరగిన లోహము పోసి, అట్టముక్కవలె పలుచని సిపాయిలను తయారు చేసినాడు. 1777లో ఆయన పోసిన గుర్రపు రౌతు ఎవరో కాదు, అప్పటికి సజీవుడైయున్న ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్. చరిత్రపురుషుని బొమ్మ చేసి అమ్ముట ఈ వృత్తికి పుట్టుకతోనే వచ్చినదన్నమాట. 1839లో అదే నగరములో కార్ఖానా పెట్టిన హైన్రిక్సెన్ 30 మిల్లీమీటర్ల ఎత్తును ప్రమాణముగా నిలిపినాడు. 1893లో లండనులో బ్రిటన్ కుటుంబమువారు లోపల బోలుగా ఉండే సీసపు సిపాయిని పోతపోసి ధర తగ్గించినారు. బవేరియాలోని కుల్మ్‌బాహ్ పట్టణపు కోటలో ఇట్టి బొమ్మలకు ఒక ప్రదర్శనశాలయే ఉన్నది. అందులో సుమారు 3 లక్షల బొమ్మలున్నవి.

వీటిని సేకరించువారి పట్టుదల మనకు వింతగా తోచవచ్చును. ఒక పటాలము అంగీ మెడపట్టీ ఎరుపా, గులాబియా అని వారు నెలల తరబడి వాదించుకొందురు. గుండీ తప్పినచో బొమ్మయే తప్పు. మేము దీనిని పరిహసించము. పెద్ద గ్రంథములు పట్టించుకొనని చిన్న సంగతులెన్నో ఇట్టివారి ఓపిక వలననే నిలిచినవి. కాని సరిగా ఈ పట్టుదల దగ్గరనే చట్టము వచ్చి అడ్డము నిలుచును.

చట్టము చిన్న బొమ్మకు భయపడుట క్రొత్త కాదు. 1814లో నెపోలియన్ పతనము కాగానే పారిస్‌లోని వాండోమ్ స్తంభము మీదినుండి ఆయన విగ్రహమును దింపివేసినారు. మరుసటి యేడు నవంబరు 9న రాజద్రోహపు కేకలను, వ్రాతలను శిక్షించు చట్టము వచ్చినది. ఆ కాలమున పోలీసులు చక్రవర్తి ముఖమున్న చిన్న విగ్రహములను, పటములను, పొడుండబ్బాలను సైతము జప్తు చేసినారు. 1830లో విప్లవము వచ్చినది. 1833లో స్తంభము మీదికి క్రొత్త నెపోలియన్ ఎక్కినాడు. నేడు సంగ్రాహకుల బల్లల మీద ఆయన సేనకు మించి కనబడు సేన బహుశః మరియొకటి లేదు. ఒక తరము గడచిన పిమ్మట నిషేధము కరగిపోవుట ఇచ్చట చూచితిమి. జర్మనీలో అది కరగలేదు. ఎందుకో తెలియవలెనన్న, ముందు 1930ల నాటి బొమ్మల అంగడిలోనికి పోవలెను.

హౌసర్ సోదరులు 1904లో లుడ్విగ్స్‌బుర్గులో ఒక కంపెనీ స్థాపించినారు. రంపపుపొట్టు, జిగురు, తెల్లమన్ను కలిపిన ముద్దను ఇనుపతీగ చుట్టును అచ్చులో అదిమి, ఆరబెట్టి, రంగులు వేసి, ఎలాస్టోలిన్ అను పేరుతో వారు సిపాయిలను అమ్మినారు. ఎత్తు సుమారు 7 సెంటీమీటర్లు. బ్రాండెన్‌బుర్గులో లినియోల్ కంపెనీ వారికి గట్టి పోటీ. 1933 తరువాత ఈ ఉభయుల పట్టికలలో గోధుమరంగు చొక్కాల దళములు, జెండాలు మోయువారు, డప్పులవారు వరుసలు కట్టినారు. గోరింగు, హెస్ మున్నగు నాయకులు వచ్చినారు. అందరి ముందు హిట్లర్ నిలిచినాడు. కొన్ని బొమ్మలలో ఆయన కుడిచేయి కదలునది. పిల్లవాడు తన వ్రేలితో ఆ చేతిని లేపగలడు, దించగలడు. ఆ వందనమునే అదే పిల్లవాడు బడిలో ప్రతిదినమును చేయవలసియుండెను. కనుక ఇది ఉత్త ఆటబొమ్మ అనువారితో మేము ఏకీభవింపజాలము. అది పాఠ్యపుస్తకము వంటిది. చదువురాని వయస్సునకు గూడ పనికివచ్చునట్టిది.

ఇందులో ఒక చమత్కారమున్నది. ఆ బొమ్మలకు మొదటి హద్దు గీచినది హిట్లర్ ప్రభుత్వమే. స్వస్తిక గుర్తుతో చవుకబారు సరకులు వెల్లువగా రాగా, 1933 మే 19న జాతీయచిహ్నముల రక్షణచట్టము చేసినారు. చిహ్నము గౌరవమునకు భంగము కలుగునట్లు దానిని బహిరంగముగా వాడరాదని దాని సారాంశము. ఒకే గుర్తును మొదట అతిగా గౌరవించి కాపాడిన చట్టము, తరువాత అసహ్యించి కప్పిన చట్టము, రెండును ఒకే దేశపువి.

యుద్ధానంతరము 1946 మే 13న మిత్రరాజ్యముల నియంత్రణమండలి సైనిక, నాజీ స్మారకచిహ్నములను, ప్రదర్శనశాలలను తొలగింపుడని ఆదేశించినది. హౌసర్ కంపెనీ పొలములోని పశువులను, అమెరికా గొల్లలను, ఆదివాసులను, పిదప రోమను సైనికులను చేసి బ్రదికినది. 1959 క్రిస్మస్ రాత్రి కొలోన్ నగరములోని యూదుల ప్రార్థనామందిరము గోడలపై ఎవరో స్వస్తికలు గీసినారు. అట్టి గీతలు ఇతర నగరములలోను కనబడినవి. 1960లో నిషిద్ధసంస్థల చిహ్నములను గూర్చిన నిబంధన పశ్చిమ జర్మనీ శిక్షాస్మృతిలో చేరినది. 1968 నుండి అది 86-ఎ సెక్షను. జెండాలు, బిళ్ళలు, యూనిఫారములు, నినాదములు, వందనపద్ధతులు అన్నియు దాని క్రిందికి వచ్చును. హిట్లర్ ముఖచిత్రమును గూడ న్యాయస్థానములు అట్టి చిహ్నముగనే ఎంచినవి. బహిరంగముగా వాడినను, పంచినను మూడేండ్ల దాకా ఖైదు లేదా జరిమానా.

మన గడపల మీది స్వస్తిక సంగతి ఏమని పాఠకులు అడుగవచ్చును. జర్మను భాషలో నాజీల గుర్తుకు పేరు కొక్కెపు శిలువ. చట్టము నిషేధించినది ఆ రాజకీయపక్షపు చిహ్నమునే గాని మన శుభచిహ్నమును కాదు. అయినను గీతల పోలిక కారణముగా ఐరోపాలో మనవారు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చుట విచారకరమే.

అసలు చిక్కు విమానముల వద్ద వచ్చినది. యుద్ధకాలపు జర్మను విమానము తోక మీద స్వస్తిక ఉన్నది, అది చరిత్ర. నమూనాలో అది లేకున్న సంగ్రాహకునికి అబద్ధము. 1979లో కార్ల్స్‌రూహెలోని సమాఖ్య న్యాయస్థానము ఈ వాదమును తోసివేసి, అచ్చముగా అసలువలె చేసిన నమూనా మీద గూడ ఆ గుర్తు కూడదని తీర్పు చెప్పినది. అంగళ్ళలో ఆ గుర్తు మరల కంటికి అలవాటైనచో, దానిని నిజముగా నమ్మినవాడు గూడ నిర్భయముగా ధరించునని ఈ చట్టపు భయము. నాటినుండి అచ్చటి నమూనా పెట్టెల బొమ్మలలో తోక ఖాళీగా ఉండును. కొన్నింటిలో గుర్తును రెండు తునకలుగా ముద్రింతురు. అవి కలిపి అంటించుకొనుట కొన్నవాని ఇష్టము.

అయితే చట్టమునకు కిటికీలున్నవి. కళ, శాస్త్రము, పరిశోధన, బోధన, చరిత్ర వివరణ కొరకైనచో నిషేధము వర్తింపదు. అందువలన ప్రదర్శనశాలలోని విమానమునకు గుర్తు ఉండవచ్చును, అంగడిలోని నమూనాకు ఉండరాదు. స్వస్తికను కొట్టివేసినట్లు చూపే బిళ్ళలు అమ్మిన వ్యాపారికి క్రింది కోర్టు జరిమానా వేయగా, 2007 మార్చిలో కార్ల్స్‌రూహె న్యాయమూర్తులు దానిని రద్దు చేసినారు. 2018 నుండి వీడియో ఆటలను గూడ ఒక్కొక్కటిగా పరిశీలించి ఆ కిటికీగుండా రానిచ్చుచున్నారు.

సంగ్రాహకుని బాధ నిజమైనదే. కాని తోక ఖాళీగా ఉన్నంతమాత్రమున చరిత్ర చెరగిపోదు. పూర్తి సత్యము చూపుటకు ప్రదర్శనశాల ఉన్నది, దాని ప్రక్కన వివరించు అక్షరములున్నవి. అంగడి బల్ల మీద ఆ అక్షరములు ఉండవు. మా అభిప్రాయమున తేడా అంతయు అచ్చటనే ఉన్నది. వివరణ ఉన్నను సహింపనివారు ఉందురు. 2008 జూలైలో బెర్లిన్‌లో మైనపుబొమ్మల ప్రదర్శన ప్రారంభమైన నాడే ఒకడు చొరబడి హిట్లర్ బొమ్మ తల ఊడబెరికినాడు. దానిని బాగుచేసి మరల నిలిపినారు.

మన దేశములోను ఇట్టి హద్దు ఒకటి కలదు. 1950 నాటి చిహ్నములు, పేర్ల దుర్వినియోగ నివారణచట్టము ప్రకారము ప్రభుత్వానుమతి లేనిదే గాంధీ, నెహ్రూ, శివాజీల పేర్లను, చిత్రములను వ్యాపారమునకు వాడరాదు. కొన్ని క్యాలెండర్లకు మినహాయింపు ఉన్నది. అది ప్రేమించినవారిని అంగడినుండి కాపాడు చట్టము. జర్మనీది అంగడిని ఒక మనిషి నుండి కాపాడు చట్టము.

ఆ పాత ఎలాస్టోలిన్ బొమ్మలు నేటికిని వేలమునకు వచ్చుచున్నవి. సొంత బీరువాలో ఉంచుకొనుట నేరము కాదు. జర్మనీలో వేలము పట్టికలో మాత్రము భుజము మీది పట్టీకి ముద్రకుడు ఒక మచ్చ వేసి గుర్తును కప్పును. పాట పాడువాడు చట్టము ఒప్పిన చరిత్ర, పరిశోధనాది ప్రయోజనములకే కొనుచున్నానని ఒప్పుకొనవలెను. అటుపిమ్మట ఆ చేయి కదలే బొమ్మను పెట్టెలో పెట్టి అతని చేతికి ఇత్తురు.