అడుగు కలవనివాళ్ల కోసం పుట్టిన చా చా చా

మాది రాజోలి, తుంగభద్ర ఒడ్డున. మా దగ్గర పెళ్లి బరాత్ అంటే తీన్‌మార్ పడాల్సిందే. డప్పు మొదలైతే మా దోస్తులంతా మధ్యలో ఉంటారు, నేను మాత్రం ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ పక్కన నిలబడతా. ఎందుకంటే నాకు అడుగు కలవదు. అందుకే ఈ రోజు చెప్పే కథంటే నాకు చాలా ఇష్టం.

1950ల మొదట్లో క్యూబా రాజధాని హవానా. డాన్స్ హాళ్లలో దాన్‌సోన్, మాంబో నడుస్తున్నాయి. దాన్‌సోన్ పాతది, 1879 నాటికే ఉంది. మాంబో కొత్తది, మంచి హుషారు. కానీ అందులో దెబ్బ మనం అనుకున్న చోట పడదు, కొంచెం పక్కన పడుతుంది. ఎన్రీకే హొర్రీన్ అనే ఆయన ఆర్కెస్తా అమెరికా అనే బ్యాండులో వయొలిన్ వాయించేవాడు. డాన్స్ చేసేవాళ్లలో చాలామంది ఆ తాళానికి తడబడుతున్నారని ఆయన గమనించాడు. ఇంకొకడైతే "వీళ్లకి డాన్స్ రాదు" అని వదిలేసేవాడు. ఈయన తన పాటనే మార్చుకున్నాడు. మెలికలు తగ్గించి, దెబ్బ సూటిగా పడేలా రాశాడు. 1953లో రికార్డయిన 'లా ఎంగన్యదోరా' అట్లా వచ్చిందే.

ఇక అసలు సంగతి. ఆ అడుగులు ఆయన నేర్పినవి కావు! తాళం తేలికయ్యేసరికి జనమే రెండు అడుగులేసి, వెంటనే మూడు చిన్న అడుగులు గబగబా వేయడం మొదలుపెట్టారు. అంతమంది బూట్లు నేలకి ఒరుసుకుంటే చ-చ-చ అని వినిపించింది. అదే పేరైంది. బ్యాండులో గుయిరో అని ఇంకోటి ఉంటుంది, ఎండిన బుర్రకాయకి గాట్లు పెట్టి పుల్లతో గీకుతారు. దాని చప్పుడూ అట్లాంటిదే.

తర్వాత లండన్ మాస్టార్లు దీన్ని పుస్తకాల్లోకి ఎక్కించారు. ఇప్పుడు పోటీల్లో లాటిన్ డాన్సులు ఐదు: చా చా చా, సాంబా, రుంబా, పాసో దోబ్లే, జైవ్. మొదటి అడుగు రెండో దెబ్బ మీద పడాలి. నడుము కావాలని ఊపితే రాదు, బరువు పడ్డ కాలి మోకాలు చాచితే దానంతటదే కదులుతుంది. వీపు మీద నంబరు, మెరుపుల బట్టలు, ఎదురుగా జడ్జీలు. తడబడేవాళ్ల కోసం పుట్టిన డాన్సులో ఇప్పుడు తడబడితే మార్కులు పోతాయి. ఇది నాకైతే అన్యాయమే అనిపిస్తుంది.

మాది మగ్గం ఇల్లు. మొన్న రాత్రి అందరూ పడుకున్నాక మగ్గం గుంట పక్కన ఉన్న కాస్త జాగాలో "రెండు, మూడు, చ-చ-చ" అంటూ ట్రై చేశా. నాలుగోసారికి అడుగు కలిసింది. లోపల్నుంచి మా అమ్మ "ఏందిరా ఆ చప్పుడు, ఎలుకలా?" అంది.