తిపాయి వెనుక ఎవరున్నారు?

అమ్మీ చాయ్ కప్పులు పెట్టే మూడుకాళ్ల బల్లని మేం తిపాయి అంటాం. ఫొటో స్టూడియోలో కెమెరా నిలబెట్టే స్టాండ్‌ని కూడా అబ్బా అదే మాటతో పిలిచేవారు. తీన్ పాయే, అంటే మూడు కాళ్లు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే నాలుగు కాళ్ల కుర్చీ ఊగుతుంది, తిపాయి ఊగదు.

ఒకప్పుడు తిపాయి లేనిదే మనిషి తస్వీర్ లేదు. 1850ల్లో వచ్చిన తడి ప్లేటు పద్ధతిలో గాజు పలకకి మందు పూసి, అది ఆరకముందే ఫొటో తీసి కడగాలి. కెమెరా బరువైన చెక్కపెట్టె. వెలుతురుని బట్టి కొన్ని సెకన్లు ఏదీ కదలకూడదు. సరే, కెమెరాకి తిపాయి ఉంది, మరి మనిషికో? తల వెనుక కనపడకుండా ఇనప స్టాండు ఆనించేవారు. పాత ఫొటోల్లో బుజుర్గుల మొహాలు చూసి జలాల్ అనుకుంటాం గానీ, చాలామంది బేచారే కదలకుండా ఉండటానికి బిగుసుకుపోయినవాళ్లే!

1880ల్లో పొడి ప్లేట్లు వాడుకలోకొచ్చి ఆ జహ్‌మత్ తగ్గింది. లాలా దీన్ దయాళ్ హైదరాబాద్ వచ్చింది ఆ రోజుల్లోనే. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టిన జైనుడు ఆయన. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో నౌకరీ చేశాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనకి ముసవ్విర్ జంగ్ అని ఖితాబు ఇచ్చాడు.

నాకు ఆయన తీసిన దర్బారు ఫొటోలకన్నా 1892లో హైదరాబాద్‌లో తెరిచిన జనానా స్టూడియో ముఖ్యం. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల పనిచేసేవాళ్లంతా ఆడవాళ్లే. నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. పర్దా పాటించే బేగములు బేఫికర్‌గా వచ్చి కూర్చునే ఏర్పాటది. పర్దా ఉంటే ఫొటో కుదరదని వాదించేవాళ్లకి దీన్ దయాళ్ అప్పుడే జవాబిచ్చాడు. చిక్కు కెమెరాతో కాదు, తిపాయి వెనుక నల్లగుడ్డ కప్పుకుని నిలబడే మనిషితో.

ఆ సౌకర్యం నగరంలో, అదీ ఖర్చు పెట్టగలిగిన ఖాన్‌దాన్లకే. మా నానీ ఊళ్లో ఉన్న ఒక్క స్టూడియోలో తిపాయి వెనుక ఎప్పుడూ గైర్ మర్దే. నానా కోటు వేసుకుని తీయించుకున్న తస్వీర్ ఇప్పటికీ గోడ మీద ఉంది. నానీది ఒక్కటీ లేదు.

మొన్న మా చిన్నది అడిగింది, "దాదీ, మీ అమ్మీ ఎలా ఉండేది?" అని.

అమ్మీ కాసేపు చూసి, "ముక్కు నీ ముక్కులాగే ఉండేది బేటీ" అంది.