తూర్పు చీకటి గాజువాక దాటలేదు

2012 జూలై 31, మధ్యాహ్నం ఒంటిగంట వేళ. ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కుప్పకూలాయి. దేశ జనాభాలో సగం మంది ఉండే ప్రాంతమది. హైదరాబాద్ పాతబస్తీలో అప్పుడు రంజాన్ నెల. మనకూ ఆ ఏడాది కోతలకు కొదవ లేదు. లాడ్‌బజార్‌లో గాజుల కొట్ల వెనక ఇన్వర్టర్ గుయ్‌మనడం రోజూ వినే చప్పుడే. కానీ కోత వేరు, కూలడం వేరు. కోత పెట్టినవాళ్లే మళ్లీ కరెంటు ఇస్తారు. కూలిన గ్రిడ్‌ను నిలబెట్టాలంటే గంటలు పడుతుంది. దక్షిణ గ్రిడ్ ఆ రోజు కూలలేదు. తూర్పుతో మనల్ని కలిపే గాజువాక డీసీ స్టేషన్ దగ్గరే ఆ చీకటి ఆగిపోయింది.

ఏసీ తీగతో రెండు గ్రిడ్లను కలపడమంటే జోడెడ్లను ఒకే కాడికి కట్టడమే. అన్ని జనరేటర్లూ సెకనుకు యాభై సార్ల లయ తప్పకూడదు. ఒకటి పడితే రెండోదాన్నీ లాగేస్తుంది. 1990లలో తూర్పున కరెంటు మిగులు, మన దగ్గర కరువు. వాళ్ల ఫ్రీక్వెన్సీ యాభై పైన ఉంటే మనది నలభై తొమ్మిది కిందికి జారేది. ఆ రెంటినీ ఏ కాడికి కడతారు? మధ్యలో డీసీ ఉంటే అది చెరువు తూములాంటిది. ఎంత వదలమంటే అంతే వదులుతుంది. అవతలి కట్ట తెగినా ఇవతలి చెరువు ఖాళీ కాదు.

ఆ తూము తయారు కావడానికి చాలా కాలం పట్టింది. స్వీడన్ ఇంజినీరు ఊనో లామ్, ఏసీని డీసీగా మార్చే పాదరస వాల్వుకు 1929లో పేటెంటు తీసుకున్నాడు. దాంతో గాట్లాండ్ దీవికి డీసీ లైను వేసేసరికి 1954 వచ్చింది. పాతికేళ్ల పని! 1957లో అమెరికాలో జీఈ సంస్థ సిలికాన్ థైరిస్టర్‌ను తెచ్చాక పాదరసం రోజులు దగ్గరపడ్డాయి.

మన వంతు కథను ఎవరూ పెద్దగా చెప్పుకోరు. దిగువ సీలేరు నుంచి బస్తర్‌లోని బార్సూరు దాకా 196 కిలోమీటర్ల ఏసీ లైను ఉండేది. అందులో ఒక సర్క్యూట్‌ను బీహెచ్‌ఈఎల్, ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డులు కలిసి 1989లో డీసీకి మార్చాయి. 100 కేవీ, 100 మెగావాట్లు. చిన్నదే, కానీ సొంత చేతులతో నేర్చుకున్న పాఠం. పదేళ్ల తర్వాత, 1999లో, గాజువాకలో 500 మెగావాట్ల స్టేషన్ వచ్చింది. దానికి దూరాలు దాటే డీసీ లైనే లేదు: ఏసీ డీసీగా మారడం, మళ్లీ ఏసీ కావడం, అంతా ఒకే ఆవరణలో. 2003లో ఒడిశాలోని తాల్చేరు నుంచి కోలారుకు 2000 మెగావాట్ల డీసీ లైను పడింది.

ఆ జూలై 31న తూర్పు నుంచి రావాల్సిన కరెంటు ఆగిపోయింది. మన ఫ్రీక్వెన్సీ జారింది. రిలేలు వాటంతట అవే కొన్ని ఫీడర్లను తెంచాయి. మిగతాది నిలబడింది.

థైరిస్టర్‌కూ ఓ లోపముంది. వెలిగించమంటే వెలుగుతుంది, ఆరమంటే ఆరదు. అవతల సజీవమైన ఏసీ ఉంటేనే పనిచేస్తుంది. చచ్చిన గ్రిడ్‌ను అది లేపలేదు. గాజుల కొట్టు ఇన్వర్టర్ మాత్రం లైను చచ్చాకే పని మొదలుపెడుతుంది. కారణం, తెరవమంటే తెరుచుకుని మూయమంటే మూసుకునే ట్రాన్సిస్టర్ స్విచ్‌లు. సీలేరు వాల్వు కంటే ఈ చవక పెట్టెకే ఆ విద్య బాగా వచ్చు.

2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణం కూడా ఆ ఉమ్మడి కాడి కిందికి వెళ్లింది. ఇక గాజువాక తూము ఒక్కటే కాపాడలేదు. ఆ తర్వాత పవర్‌గ్రిడ్ హైదరాబాద్, ఉడుమల్‌పేట, తిరుచ్చి సబ్‌స్టేషన్లలో స్టాట్‌కామ్‌లు పెట్టింది. లోపల ఉండేది ఆ ఇన్వర్టర్ పెద్దన్నే, బ్యాటరీకి బదులు కెపాసిటర్లతో. వోల్టేజీ కుంగితే కళ్లు మూసి తెరిచేలోపు ఎత్తి పడుతుంది, పొంగితే అణుస్తుంది. అమ్మకానికి ఒక్క యూనిట్ కూడా పుట్టించదు.