ఎదుర్లంక వకీలు – లోకసభాపతి

గౌతమీ తీరమున ఎదుర్లంక యను గ్రామము కలదు. 1951 అక్టోబరు 1వ తేదీన అచట నొక దళిత కర్షక కుటుంబమున గంటి మోహనచంద్ర బాలయోగి జన్మించెను. ఊర చదువునకు వసతి లేమిచే గుత్తెనదీవికి పోయి చదివెను. పిదప న్యాయశాస్త్రపట్టము నంది, 1980లో కాకినాడలో ప్లీడరయ్యెను. కొన్నాళ్లు మేజిస్ట్రేటుగా నుండి, ఆ కొలువు వదలి మరల వకాలతు పట్టెను. 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజాపరిషత్తున కధ్యక్షుడు. 1991లో అమలాపురము ప్రతినిధి. 1998 మార్చి 24న లోకసభాపతి. ఆ పీఠ మెక్కిన తొలి దళితు డాయనయే.

ఆయన పేరు విన్నంతనే నాకు 1999 ఏప్రిల్ 17వ దినము తలపునకు వచ్చును. ఆనాడు వాజపేయి మంత్రివర్గముపై సభలో ఓటు. ఒరిస్సా ముఖ్యమంత్రి యైన గిరిధర్ గమాంగు ఇంకను లోకసభ సభ్యత్వమును వదలుకొనలేదు. ఆయన ఓటు వేయవచ్చునా? బాలయోగి స్వపక్షము ప్రభుత్వమునకు అండగా నుండెను. అయినను ఆయన నిషేధింపక, ఆ సభ్యుని విజ్ఞతకే విడిచెను. 269కి 270 ఓట్లు! ఒక్క ఓటుతో ప్రభుత్వము కూలెను. ఇది తప్పన్నవారును కలరు. కాని తనవారి లాభమునకై లేని నిషేధమును కల్పింపమియే న్యాయవాది ధర్మమని నా తలంపు.

2002 మార్చి 3న కైకలూరు చెంత హెలికాప్టరు కూలి ఆయన మరణించెను. ఆ యేడే ఆయన సతీమణిని, 2024లో కుమారుని అమలాపురము లోకసభకు పంపెను. యానాం–ఎదుర్లంక వంతెనకు ఆయన పేరే పెట్టిరి. రేవున పడవకై పడిగాపులు పడిన పెద్దలకు ఆ వంతెన విలువ నేను వేరుగ చెప్పవలయునా?