ప్రైవేటు పాట

చలనచిత్రములతో సంబంధము లేని పాటలనన్నిటిని మనవారు ‘ప్రైవేటు పాట’లని ఎన్నడు పిలువ మొదలిడిరో గాని, అంతకంటె విపరీతార్థము గల పేరు తెలుగు సంగీతలోకమున మరియొకటి లేదని నా అభిప్రాయము. ఇంటి గోడల మాటున పాడుకొనవలసిన దేదో అన్న స్ఫురణ ఆ పేరునందున్నది. సంగతి చూడబోయిన, 1942 ప్రాంతమున ‘దీనబంధు’ చిత్రము కొరకు శంకరంబాడి సుందరాచారిగారు వ్రాయగా, చిత్రమున చోటు దొరకక, టంగుటూరి సూర్యకుమారి కంఠమున గ్రామఫోను పలకకెక్కిన ‘మా తెలుగు తల్లికి’ అను ప్రైవేటు పాటయే తరువాతి కాలమున రాష్ట్రగీతమై, ప్రతి సభలోను జనులు లేచి నిలువబడి పాడునదైనది. సినిమా కాదన్నది సీమ అంతయు పాడినది.

కలకత్తాలో 1902లో గౌహర్ జాన్ గానము పలకకెక్కిన పిమ్మట క్రమముగా ఆ విద్య తెలుగుదేశమునకును పాకినది. ‘ప్లేటు’ పెట్టుటయే ఒక తంతు. పెట్టె మూత ఎత్తి, ప్రక్కనున్న పిడిని స్ప్రింగు బిగియువరకు త్రిప్పి, చిన్న డబ్బాలోనుండి క్రొత్త ముల్లు నొకదానిని తీసి బిగించి, పలక తిరుగుట నిలకడపడిన పిదప ఆ ముల్లును మెల్లగా అంచున దింపవలెను. ఒక వైపు ముగియునప్పటికి ఉక్కుముల్లు మొద్దువారును. నడుమ స్ప్రింగు సడలినచో ఎంతటి గాయకుని కంఠమైనను గుంజుకొనుచు పాతాళమునకు దిగిపోవును, పిల్లలు నవ్వుదురు, పెద్దలు పిడికై పరుగెత్తుదురు.

నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ లక్కపలకపై ఒక్కొక్క వైపున మూడు నిమిషములకు కొంచెము పైగా మాత్రమే పాట పట్టును. నాటకరంగముపై ఒక్క పద్యమునకు రాగము సాగదీసి, ‘వన్స్‌మోర్’ కేకల నడుమ మరల పాడి, దీపములలో నూనె తరుగువరకు ప్రేక్షకులను నిలిపిన నటులకు ఇది చెరసాల వంటిది. కాని ఏకభావాశ్రయమై, నాలుగు చరణములలో ముగియు భావగీతమునకు మాత్రము ఈ చెరయే పుట్టినిల్లైనది. లలితగీతమునకు ఆ రూపము కవుల వలన ఎంత వచ్చినదో లక్కపలక వలనను అంత వచ్చినదని నేను నమ్ముదును. పద్యము సైతము ఇక్కడ క్రొత్త నడక నేర్చినది: కరుణశ్రీ ‘పుష్పవిలాపము’ను ఘంటసాల పాడిన తీరులో రాగము మాటకు ఊడిగము చేయును గాని మాటను మ్రింగదు. కిరీటము లేదు, తెర లేదు. పద్యము నడవలోనికి వచ్చి కూర్చున్నది.

పలకను కొనగలిగినవారు కొందరు; రేడియో ముందు కూర్చుండగలిగినవారు వీధి వీధియంతయు. మదరాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న ఆరంభమైనది. 1941లో అచ్చట చేరిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు తామే వ్రాసి, తామే స్వరపరచి, తామే పాడగలిగిన అపూర్వ వ్యక్తి. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి స్వాతంత్ర్యము వచ్చు వేళ మదరాసు కేంద్రము నుండి సూర్యకుమారి పాడిన ‘మాదీ స్వతంత్రదేశం’ వారిదే. వాగ్గేయకారుల చరిత్రము వ్రాసి 1961లో సాహిత్య అకాడమీ పురస్కారమందిన ఆయన తాను సైతము వాగ్గేయకారుడే యగుట ముచ్చటైన సంగతి. 1948 డిసెంబరు 1న బెజవాడ కేంద్రము వెలసిన తరువాత ఎంకిపాటలు, తత్త్వములు, వింజమూరి సోదరీమణులు సేకరించి పాడిన జానపదములు, నాజరు బుర్రకథలు, అన్నియు ఒక్క పెట్టెనుండియే వినవచ్చెను. హైదరాబాదున పాలగుమ్మి విశ్వనాథముగారు వ్రాసి స్వరపరచిన ‘అమ్మదొంగా’ పాటను వేదవతీ ప్రభాకర్ పాడగా విని, కూతురిని అత్తవారింటికి పంపబోవు తల్లులెందరు కన్నులు తుడుచుకొనిరో లెక్క లేదు.

మంచి పాటను పదుగురికి చెప్పు మర్యాద కూడ రేడియోయే నేర్పినది. ‘ఈ మాసపు పాట’ అని ఒక లలితగీతమును ఎన్నుకొని, సాహిత్యమును శ్రోతలు వ్రాసుకొనుటకు వీలుగా నెమ్మదిగా చదివి, పిమ్మట ఒక్కొక్క చరణమును పాడి నేర్పెడివారు. వంటయింటిలో పోపు మాడుచున్నను పెన్సిలు వదలని గృహిణుల నోటుపుస్తకములే ఆ పాటలకు నిజమైన భాండాగారములు. మరియొక్క సంగతి: పాటకు ముందు ప్రకటనలో రచన ఎవరిదో, సంగీతము ఎవరిదో, గానము ఎవరిదో మూడు పేర్లును చెప్పిన గాని పాట మొదలు కాకుండెడిది.

క్యాసెట్లు వచ్చి పలకలను అటకకెక్కించినవి. ఆ కథ అందరెరిగినదే. నేడు చవుక యంత్రమొకటి చేతనుండిన చాలును, పల్లెటూరి యువకుడు తన యాసలోనే జానపదమో, ర్యాప్ పాటయో కట్టి సాయంకాలమునకు లోకమునకు వినిపించును. వీరిలో మంచివారు కలరు, మిక్కిలి మంచివారును కలరు. వారి పాటలను మనము వేళ్ళ కొసలతో చుట్టములకు పంపుచున్నాము గాని, పేర్లను పంపుట మరచితిమి. ‘మా తెలుగు తల్లికి’ పాడు సభలలో సుందరాచారిగారి పేరు ఎందరికి తెలియునో అడిగి చూడుడు. కావున పాఠకులకు నాదొక విన్నపము: ఈసారి ఒక పాట మీ మనసునకు పట్టి మిత్రునకు పంపదలచినప్పుడు, దాని క్రింద ఆ మూడు పేర్లును వ్రాసి పంపుడు.