గోడ కోసుకుంటూ పెరిగే జీవి

నర్సీపట్నంలో ఉండే మా నాన్నకి నిరుడు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. డాక్టర్ చీటీ లేకుండానే మాత్రలు కొని రెండు విడతలు వాడారు. తగ్గలేదు. చివరికి వైజాగ్ తీసుకెళ్ళి కల్చర్ టెస్టు చేయించాం. రిపోర్టులో ఇ.కోలై అని పేరు, కింద మందుల వరస, చాలావాటికి ఎదురుగా ‘ఆర్’ అన్న అక్షరం. అంటే ఆ మందుకి అది లొంగదని. సాఫ్ట్‌వేర్ పని చేసుకునే నేను బ్యాక్టీరియా చరిత్ర చదవడం మొదలుపెట్టింది ఆ కాగితం వల్లే.

1884లో డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన రంగు పరీక్ష బ్యాక్టీరియాని రెండు గుంపులుగా విడదీసింది. ఇ.కోలై ఆ రంగుని నిలుపుకోదు. దాని గోడ పల్చన. గోడ పైన ఇంకో పొర ఉంటుంది.

ఆ పై పొరకి కష్టం వస్తే లోపలి జన్యువులకి కబురెలా అందుతుంది? 1989లో అమెరికాలో ఎరిక్సన్, కరోల్ గ్రాస్ సిగ్మా-ఇ అనే ప్రొటీన్‌ని గుర్తించారు. మొదట్లో అది విపరీతమైన వేడికి సంబంధించిందిగా కనిపించింది. 1993లో అసలు సంగతి తేలింది: పై పొర ప్రొటీన్ల లెక్క మారితే దాని చురుకూ మారుతోంది. మామూలప్పుడు సిగ్మా-ఇని మరో ప్రొటీన్ కట్టేసి ఉంచుతుంది. పొరలో కుదురుకోని ప్రొటీన్ల తోక తగలగానే డెగ్‌ఎస్ అనే కత్తెర ఆ కట్టుని తెంపడం మొదలుపెడుతుంది. విడుదలైన సిగ్మా-ఇ మరమ్మతు జన్యువుల్ని నడిపిస్తుంది, పొర ప్రొటీన్ల కొత్త తయారీని తగ్గిస్తుంది. సర్వర్ మీద భారం పెరిగితే మేమూ ముందు కొత్త రిక్వెస్టులే ఆపుతాం.

ఇంకో కత్తెర కథ మన హైదరాబాద్‌ది. గోడ పెరగాలంటే ముందు దాని అల్లికని కొయ్యాలని, ఆ పని చేసే మూడు ఎంజైములూ లేకపోతే ఇ.కోలై బతకదని 2012లో సీసీఎంబీలో మంజులా రెడ్డి బృందం చూపించింది. వాటిలో ఒకటైన మెప్‌ఎస్ మితిమీరకుండా వేరే ఎంజైమ్ దాన్నే నరికేస్తుందని 2015లో తేల్చింది. గోడ మీద చేసిన పరిశోధనకే ఆమెకి 2019 ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది.

పెన్సిలిన్ జాతి మందులు అల్లికని ఆపుతాయి. కోత మాత్రం సాగుతూనే ఉంటుంది, గోడ కూలుతుంది. ఆ మందులకి లొంగని రకాలు పెరుగుతున్నప్పుడు, కొత్త మందుని వెతకడానికి ఈ కోత కూడా ఒక చోటు.

నాన్నకి రిపోర్టులో ‘ఎస్’ ఉన్న ఇంజెక్షన్‌తో తగ్గింది. అలాంటివి ఆ వరసలో రెండే మిగిలాయి.