ఆల్డ్విచ్: దాచి ఇచ్చిన సొరంగం

లండను నగరంలో, భారత హైకమిషన్ నెలకొన్న ఇండియా హౌస్‌కు కొద్ది దూరంలో, స్ట్రాండు వీధిలో పూర్వం ఒక నాటకశాల ఉండేది. 1905లో దానికి చివరిసారిగా తెర పడినది. ఆ కట్టడాన్ని కూల్చి, ఆ చోటనే భూగర్భ రైలుస్టేషను నిర్మించి, 1907 నవంబరు 30న ప్రారంభించారు. లెస్లీ గ్రీన్ రూపొందించిన ఎర్రని మెరుగు పలకల ముఖభాగం నేటికీ నిలిచి ఉన్నది. ప్రయాణికుల రాకపోకలు మాత్రం 1994 సెప్టెంబరు 30తో ముగిసిపోయినవి.

ఈ స్టేషనుకు లోపం పుట్టుకతోనే వచ్చినది. ఉత్తర లండను నుండి స్ట్రాండుకు ఒక సంస్థ, బ్రాంప్టన్ నుండి పికడిల్లీకి మరొక సంస్థ వేర్వేరుగా మార్గాలు తలపెట్టాయి. ఆ రెండింటినీ ఒక్కటిగా కలిపినప్పుడు, హోబర్న్ నుండి స్ట్రాండు వరకు గల చిన్న ముక్క ప్రధానమార్గానికి వెలుపల మిగిలిపోయినది. నడిచి పోదగిన దూరానికి రైలెక్కేవారు ఎందరుంటారు? 1914లోనే రెండు ప్లాట్‌ఫారాలలో ఒకదానిని మూసివేశారు. 1915లో స్ట్రాండు అనే పేరును ఆల్డ్విచ్ అని మార్చారు. పేరు మారినదే కాని ఆదరణ పెరగలేదు.

అయితే ఆ శూన్యతే అక్కరకు వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో నేషనల్ గ్యాలరీవారు సుమారు 300 చిత్రాలను ఇక్కడ భద్రపరచారు. 1940 సెప్టెంబరులో రైళ్లను నిలిపి, బాంబుల భయంతో వచ్చిన ప్రజలకు స్టేషనును ఆశ్రయంగా ఇచ్చారు. సొరంగంలో బ్రిటిష్ మ్యూజియం నిక్షేపాలు కూడ చేరినవి; వానిలో పార్థెనాన్ శిల్పాలున్నవి. నిద్రపట్టని పసిబిడ్డలకూ, ఏథెన్సు దేవతలకూ ఒకే నేల కప్పు అయినది.

ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఆ శిల్పాలు ఎల్గిన్ ప్రభువు గ్రీసు నుండి తరలించినవి. 1816లో ప్రభుత్వం కొనగా మ్యూజియానికి చేరినవి. మన అమరావతి స్తూపపు శిల్పఫలకాలు కూడ ఆ మ్యూజియంలోనే ఉన్నవి. వానిని శిథిలం కాకుండ కాపాడితిమన్న మాట పాలకుల నోట తరచు వినవచ్చినదే. కాపాడిన చేతులకు కృతజ్ఞత చెప్పవలసినదే. కాని రక్షణ వేరు, హక్కు వేరు. మొదటిది రెండవదానికి ప్రమాణం కాజాలదు.

1946 జులై 1న స్టేషనును తిరిగి తెరచారు. 1962 నుండి రద్దీవేళలలో మాత్రమే రైళ్లు నడిచినవి. చివరకు దినానికి సుమారు 450 మంది ప్రయాణికులే మిగిలారు. 1907 నాటి లిఫ్టులను మార్చడానికి 30 లక్షల పౌనులు కావలసి రాగా, మూసివేతకే నిర్ణయం జరిగినది. 2011లో ఆ కట్టడానికి సంరక్షిత హోదా లభించినది.

టిక్కెట్ల లెక్కలో ఆల్డ్విచ్ ఎన్నడూ లాభం చూడలేదు. కాని రెండు యుద్ధాలలోనూ పరుల సొత్తును తన గర్భంలో దాచినది. ఆపద తీరిన పిమ్మట దేనినీ తనదనక తిరిగి ఇచ్చివేసినది.